రూపాయి మోగించి చూడటం

మా నాన్న రాతబల్ల అమ్మకానికి పెట్టాను. నలభై ఏళ్ల కిందట ఇక్కడే, బోయిగూడలోని ఒక టింబర్ డిపోలో కర్ర కొని చేయించుకున్న టేకు బల్ల. ఆయన పోయాక దాని మీద మందుల డబ్బాలు, కరెంటు బిల్లులు తప్ప ఏమీ ఉండటం లేదు. "ఎవరికైనా పనికొస్తుంది, ఇచ్చెయ్‌రా" అని అమ్మే అంది. డిపోల వాళ్లనడిగితే రెండు వేలకి మించి ఇవ్వమన్నారు. ఫొటోలు తీసి, ఎనిమిది వేలని రాసి, పాత సామాన్లు అమ్ముకునే ఒక యాప్‌లో పెట్టాను.

పది నిమిషాల్లో ఫోనొచ్చింది. అవతలాయన ఆర్మీ ఆఫీసర్నన్నాడు. తిరుమలగిరికి కొత్తగా బదిలీ మీద వచ్చాడట. యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు పంపాడు. బల్ల చూడ్డానికి రాలేనని, డబ్బు ముందే పంపేస్తానని అన్నాడు. బేరమాడలేదు. బోయిగూడలో పుట్టి పెరిగినవాణ్ణి, బేరమాడని మనిషిని అక్కడే అనుమానించాల్సింది. 'పెద్దమనిషి, అందుకే ఆడలేదు' అనుకున్నాను.

ముందు పది రూపాయలు పంపాడు. వచ్చాయి. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే ఎనిమిది వేలు పడతాయన్నాడు. కొట్టాను. పడలేదు సరికదా, నా ఖాతాలోంచే పోయాయి. "పొరపాటైంది సాబ్, ఇంకో కోడ్ పంపుతున్నా, రెండూ కలిపి పదహారు వేలు వచ్చేస్తాయి" అన్నాడు. రెండోసారి ఫోను పైకెత్తుతుంటే, పక్కనే బీరకాయ చెక్కు తీస్తున్న అమ్మ అడిగింది.

"డబ్బులు తీసుకోడానికి పిన్ ఎందుకురా? హుండీలో వేసేవాడికి తాళంచెవి అక్కర్లేదు కదా. తీసేవాడికి కదా కావాలి."

యూపీఐ గురించి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. 2016లో అది మొదలైనప్పట్నించీ నియమం ఒకటే. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. మనకి రావాల్సిన డబ్బుకి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. అమ్మ ఎప్పుడూ ఫోన్‌లో డబ్బు పంపి ఎరగదు. నేను రోజుకి పదిసార్లు పంపుతాను. నియమం నాకు తెలుసు. తెలిసీ పిన్ కొట్టాను. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాక కూడా ఆ రాత్రి నన్ను తొలిచింది పోయిన డబ్బు కాదు, ఈ 'తెలిసీ' అన్న మాటే. ఆలోచిస్తే అర్థమైంది. నేను డబ్బు వైపు చూడలేదు, యూనిఫాం వైపు చూశాను.

అక్కడితో అయిపోయుంటే ఇది రాయాల్సిన పని లేదు.

నాలుగు రోజుల తర్వాత ఒక వడ్రంగి వచ్చాడు. బిహార్ నుంచి వచ్చి ఇక్కడ ఏడేళ్లుగా పనిచేస్తున్నానన్నాడు. బల్లని తలకిందులు చేశాడు, సొరుగులు లాగి చూశాడు, చేవ ఎంతుందో గోటితో గీసి చూశాడు. అరగంట బేరమాడి ఆరున్నర వేలకి తెగ్గొట్టాడు. నా ముందే ఫోన్‌లో డబ్బు కొట్టి, పచ్చటి టిక్కు చూపించాడు. "పైసే కట్ గయే సాబ్."

నా ఫోను మోగలేదు.

దొంగ యాపులున్నాయని అప్పటికి చదివేశాను. అచ్చం అసలు దాన్లాగే పచ్చ టిక్కు, పేరు, అంకె అన్నీ చూపిస్తాయి, డబ్బు మాత్రం కదలదు. 'మీ ఖాతాలో జమ అయింది' అన్న మెసేజి కూడా మామూలు ఫోన్ నంబర్నించి ఎవరైనా పంపొచ్చు. కాబట్టి స్క్రీన్నీ మెసేజినీ నమ్మకుండా, మన బ్యాంకు ఖాతా మనమే తెరిచి నిల్వ చూసుకోవాలి. తెరిచాను. లేదు. "డబ్బు వచ్చేదాకా ఆగాలి" అన్నాను. అంతవరకూ తప్పు లేదు. కానీ నేను బల్లని లోపలికి జరిపి, అతన్ని మెట్ల మీదే ఉంచి, గ్రిల్ గేటు వేశాను. అతను ఏమీ అనలేదు. ట్రాలీ ఆటోవాడు కింద్నించి హారన్ కొడుతుంటే, ఇరవై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాడు. బ్యాంకుల మధ్య ఎక్కడో ఆగిన డబ్బు చివరికి వచ్చింది. బల్ల దింపుకుని వెళ్లిపోయాడు.

అదే వారంలో నాన్న పుస్తకాల బీరువా పక్క అపార్టుమెంటాయనకి అమ్మాను. ఇంగ్లీషులో మాట్లాడుతూ ఫోను చూపించబోతే, "అయ్యో, ఎందుకండీ" అని అటు చూడను కూడా లేదు. డబ్బు వచ్చిందో లేదో సాయంత్రం చూసుకున్నాను. అప్పుడు తట్టింది. నన్ను మోసం చేసినవాడు ఎవరిలా మాట్లాడాడు? ఈ అపార్టుమెంటాయనలా. నేను గేటు వేసింది ఎవరి మొహం మీద?

తప్పుడు వాగ్దానం గురించి కాంట్ 1785లోనే ఒక ఉదాహరణ రాశాడు. తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకునేవాణ్ణి తలచుకోండి, అందరూ అలా చేస్తే మాట అనేదానికే విలువుండదు అంటాడు. ఆ లెక్కన నకిలీ ఆఫీసరు నా ఎనిమిది వేలే కాదు, తర్వాత రాబోయే వడ్రంగికి దక్కాల్సిన నమ్మకాన్ని కూడా పట్టుకుపోయాడు. ఈ వాదన నాకు సుఖంగానే ఉంటుంది, నేరమంతా వాడి మీదికి పోతుంది కాబట్టి. కానీ పక్కింటాయనకి దక్కాల్సిన నమ్మకాన్ని వాడు ముట్టుకోలేదే! ఎవరి వాటా తగ్గించాలో తేల్చుకున్నది నేను.

ఈ పేటలో ఆ వాటా ఎప్పుడూ తక్కువే. 2022 మార్చి 23న తెల్లవారుజామున ఇక్కడి తుక్కు గోదాముకి నిప్పంటుకుని, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. ఆ రోజు మేమంతా బాధపడ్డాం. ఆ బాధ నిజమే. అదే ఊళ్ల నించి వచ్చినవాడు గుమ్మం ముందు నిలబడితే గేటు వేసిన చెయ్యీ నాదే.

అయితే అందర్నీ నమ్మెయ్యాలా? అలా అనడం లేదు. పాతకాలంలో కొట్టువాడు వెండి రూపాయిని రాతి మీద మోగించి చూసేవాడు. కంసాలి గీటురాయి మీద గీసేవాడు. ఇప్పటికీ ఐదొందల నోటుని వెలుతురుకి ఎత్తి చూస్తారు. ఎవరూ చిన్నబుచ్చుకోరు, ఎందుకంటే అక్కడ పరీక్ష రూపాయికి, మనిషికి కాదు. కిరాణా కొట్టులో 'వంద రూపాయలు అందాయి' అని అరిచే డబ్బా చేసేదీ ఆ మోతే. ఎవరు పంపినా దాని గొంతు మారదు. మొహాలు చదవగలమనుకునేవాడికన్నా ఆ డబ్బా న్యాయమైంది.

అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. డబ్బు నా ఖాతాలో కనిపించాకే వస్తువు, అది పక్కింటాయనైనా, మా బావైనా. ఇందులో ఒక చిక్కుంది. నియమం అందరికీ ఒకటే అయినా ఆగడంలో ఖర్చు ఒకటి కాదు. ఆటో కిరాయి, పోయే పని, గంట కూలి ఎక్కువగా పడేది లేనివాడికే. దాన్ని పూర్తిగా తీసెయ్యలేను. మొన్న నాన్న సైకిల్ కొనడానికి వచ్చిన కుర్రాడికి మాత్రం ముందే చెప్పాను, లోపలికి పిలిచి కుర్చీ వేశాను, అమ్మ చాయ్ ఇచ్చింది. డబ్బు రెండు నిమిషాల్లోనే వచ్చేసింది. చాయ్ వేడిగా ఉందని ఇంకో పది నిమిషాలు కూర్చున్నాడు.

వడ్రంగికి క్షమాపణ చెప్పలేదు. అతని పేరు నా బ్యాంకు ఖాతాలో, ఆరున్నర వేల పక్కన ఉంది. ఆ రోజు ఎన్నిసార్లు తెరిచి చూశానో, ఆ పేరు మాత్రం డబ్బు వచ్చాకే చదివాను.