కాపాడే ఖర్చు ఎవరిది?

కిష్టారెడ్డిపేటలో మా పెరటి గోడ అవతల ఇంకా ప్లాట్లు కాని తుమ్మపొద కొంత మిగిలింది. అందులో ముంగిసలుంటాయి. మా నాటుకోడి పిల్లల్ని ఎత్తుకుపోయినప్పుడు, ఉచ్చు పెడదామన్నాడు తమ్ముడు. వద్దన్నాను. 1972 నాటి వన్యప్రాణి చట్టం కాదంటుంది. నా మనసు అంతకన్నా ముందే కాదంది.

మహాభారతంలో శిబి చక్రవర్తి శరణన్న పావురాన్ని కాపాడాడు, కానీ డేగను దోషి అనలేదు. దాని ఆకలి న్యాయమేనని ఒప్పుకుని తన ఒంటి మాంసం కోసిచ్చాడు. కాపాడతానన్నవాడే ఆ ఖర్చు భరించాలన్నది నేను నమ్మే ధర్మం.

నా వంతు ఖర్చు చిన్నది. మామూలు కోళ్ల జాలీ కోడిని ఆపుతుంది గానీ ముంగిసను ఆపదు. అందుకే అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ కొన్నాను. ముంగిస నేల తవ్వుతుంది కాబట్టి ఆ మెష్‌ను అడుగు లోతున పాతాను. పొద్దు గూకకముందే కోళ్లను గూట్లో పెట్టి గొళ్లెం వేస్తాను.

పోచమ్మ బోనాలకు ఈ కోడినే కోస్తావు కదా అంటారు. కోస్తాను. అందుకే అది బతికినన్నాళ్లూ భయం లేని నిద్ర దానికి బాకీ ఉన్నాను.

పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ గౌరవం చెరువుకట్ట దగ్గరే ఆగకూడదు. ఎలుకల్ని, పాముల్ని అదుపులో ఉంచే ముంగిసకు కూడా మన గోడల పక్కన చోటుండాలి.