వారిని అడిగితిమా?

(చదువవలసిన వాక్యభాగములు: యోహాను 9వ అధ్యాయము; మార్కు 10:46-52; 2 సమూయేలు 9వ అధ్యాయము)



యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాడైన ఒక మనుష్యుని చూచుచున్నాము. అతడు అక్కడనే కూర్చుండియుండగా శిష్యులు అతనిని గూర్చి ప్రభువును ప్రశ్నించిరి. పాపము ఎవరిదని వారి సందేహము. ఇరుగు పొరుగువారు అతడే ఇతడా అని వాదించుకొనిరి. పరిసయ్యులు విచారణ జరిపిరి. తల్లిదండ్రులను పిలిపించిరి. ఆ తల్లిదండ్రులు భయము చేతనే చెప్పినను, వారి మాటలో ఒక సత్యమున్నది: మా కుమారుడు ఎదిగినవాడు, అతని సంగతి అతనినే అడిగి తెలిసికొనుడని వారనిరి. అతడు తన సంగతి తాను చెప్పగా ఏమాయెను? నీవా మాకు బోధించుటయని అతనిని వెలివేసిరి. వెలివేయబడిన వానిని వెదకి కనుగొని అతనితో మాటలాడినవాడు ప్రభువే.

ఈ మాసము ఈ వాక్యము వెలుగులో ఆటిజం గలవారిని గూర్చి ధ్యానింతము. ఆటిజం అనునది అంటువ్యాధి కాదు, దయ్యము కాదు, పెంపకపు లోపము కాదు. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలోనుండు ఒక భేదము. కొందరు ఆలస్యముగా మాటలాడుదురు, కొందరు ఎన్నటికి నోటితో మాటలాడరు. కొందరికి లౌడ్ స్పీకరు శబ్దము చెవిలో మేకు కొట్టినట్లుండును. మారికుప్పము నుండి బెంగుళూరు వెళ్లు రైళ్ల వేళలన్నియు తప్పులేకుండ చెప్పు బాలుడు, ఎదుటివాని ముఖము చూచి పలుకరించలేకపోవచ్చును. ఇట్టి పిల్లలు రాబర్ట్‌సన్‌పేటలోను, ఆండర్సన్‌పేటలోను, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలోను ఉన్నారు. వారు పెరిగి పెద్దవారగుచున్నారు. మన సంఘములు వారి కొరకు ప్రార్థించుచున్నవి, వారి పేరట కానుకలును పట్టుచున్నవి. అయితే వారిని అడిగితిమా?

మొదటిది: ప్రభువు అడిగెను

యెరికో త్రోవ ప్రక్కన బర్తిమయి కేకవేయగా, ఊరకుండుమని అనేకులు గద్దించిరి. ప్రభువు నిలిచి, అతనిని పిలిపించి, నీ కొరకు నేనేమి చేయవలెనని విచారించెను. గ్రుడ్డివాడని కన్నులుగల వారందరికి కనబడుచునే యున్నది. సర్వజ్ఞుడైన ప్రభువునకు అది తెలియదా? అయినను అడిగెను. బర్తిమయి చూపు కోరెను, పొందెను. స్వస్థత కోరుట తప్పని వాక్యము చెప్పుట లేదు. ఆ కోరిక అతని నోటనుండి రావలెనని ప్రభువు కనిపెట్టెను.

ఇది బంగారు గనుల ప్రజలమైన మనకు కష్టముగా బోధపడు సంగతి కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు ఇక్కడ పని మొదలుపెట్టిన నాటినుండి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూయబడు వరకు, ఆ తరువాతను, మన బ్రతుకులను గూర్చి ఎందరో దూరమున కూర్చుండి మాటలాడిరి. మన కాలనీలలోనికి వచ్చి, మీకేమి కావలెనని అడిగినవారు కొద్దిమందియే. తన్ను గూర్చి తన్ను అడుగకయే తీర్పు జరిగినప్పుడు మనుష్యుని హృదయము ఎట్లుండునో మనమెరుగుదుము.

ఆటిజం గలవారు తమంతట తాము మాటలాడుట ఇప్పటి సంగతి కాదు. 1993లో కెనడా దేశములోని టొరంటో నగరమున జరిగిన మహాసభలో జిం సింక్లెయర్ అను ఆటిజం గల వ్యక్తి తల్లిదండ్రుల నుద్దేశించి ప్రసంగించిరి. వారి మాటల భావమిది: మీరు ఎదురుచూచిన బిడ్డ వేరు, మీకు కలిగిన బిడ్డ వేరు. మీ దుఃఖము ఆ రాని బిడ్డ కొరకు. అయితే వచ్చిన బిడ్డ మీ యెదుట ఉన్నాడు. ఆటిజం పోవలెనని మీరు ప్రార్థించునప్పుడు, తాను పోయి మరియొక బిడ్డ రావలెనని మీరు కోరుచున్నట్లు ఆ బిడ్డకు వినబడును. సహోదరులారా, మన ఆదివారపు ప్రార్థనలను ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి వినుచున్నాడు. మాటలాడనివాడు వినలేనివాడని తలంచవద్దు. మన పితరులు తెలుగు తప్ప వేరు భాష రాక ఈ గడ్డకు వచ్చినప్పుడు, వారి భాష తెలియని వారికి వారు మూగవారివలె కనబడియుందురు. వారు మూగవారా?

రెండవది: భయమును చూపి కానుక పట్టరాదు

ఆటిజమును 1943లో లియో కానర్ అను వైద్యుడు వివరించెను. తరువాత కొన్ని దశాబ్దములు, ప్రేమలేని తల్లివలననే బిడ్డ ఇట్లయ్యెనని కొందరు వ్రాసిరి. బ్రూనో బెటెల్‌హైం అను ఆయన 1967లో ఒక గ్రంథములో ఆ అభిప్రాయమునే ప్రచారము చేసెను. అది అసత్యమని తేలినది. వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని శిష్యులు అడిగిన ప్రశ్న తెల్లకోటు వేసికొని వచ్చెను, అంతే. ఆ ప్రశ్నకు ప్రభువు రెండును కాదని సెలవిచ్చెను.

నింద పోయిన చోట భయము వచ్చినది. 2007 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్కు విశ్వవిద్యాలయపు పిల్లల మానసిక వైద్య కేంద్రమువారు, బిడ్డను ఎత్తుకొనిపోయిన దొంగ వ్రాసిన ఉత్తరములవలె ప్రకటనలు వేయించిరి. ఆ దొంగ ఆటిజమట. 2006లో ఆరి నీమన్ మొదలగువారు స్థాపించిన ఆటిజం గలవారి స్వంత సంఘము తీవ్రముగా అభ్యంతరము చెప్పగా, ఆ నెలలోనే ఆ ప్రకటనలు తీసివేయబడెను. 2005లో స్థాపింపబడిన ఆటిజం స్పీక్స్ అను పెద్ద ధర్మసంస్థ 2009లో ఒక చిత్రము విడుదల చేసెను. అందులో ఆటిజమే ఒక గొంతుగా మారి, మీ కాపురము కూల్చెదను, మీ ధనము హరించెదనని బెదిరించును. ఆటిజం గలవారు దానిని చూచి, మేము మా ఇంటివారికి శాపమా అని అడిగిరి. 2013లో ఆ సంస్థకు సలహాదారుగానున్న జాన్ ఎల్డర్ రాబిసన్ అను ఆటిజం గల రచయిత, తన మాట అక్కడ చెల్లుట లేదని వైదొలగెను. 2015లో ఆటిజం గల ఇద్దరిని పాలకవర్గములో చేర్చుకొనిరి. 2016లో తమ ఆశయములలోనుండి నయము చేయుట అను మాటను ఆ సంస్థ తొలగించెను. అడిగినవారి మాట వ్యర్థము కాలేదు.

మన తెలుగు బాప్తిస్టు చరిత్రలో దీనికి మంచి మాదిరి ఉన్నది. 1876-78 కరవులో ఒంగోలులోనున్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. బిచ్చము కాదు, కూలి ఇప్పించిరి. ఆకలికొరకు వచ్చిరను మాట రాకూడదని కరవు కాలములో బాప్తిస్మములు ఆపిరి. సహాయము పొందువాని తల వంగకుండ సహాయము చేయవచ్చునని మన పితరులు ఎరిగియుండిరి.

మూడవది: బిడ్డ ముడిరాయి కాడు

టన్ను రాతిని పిండిచేసిన కొన్ని గ్రాముల బంగారము వచ్చునని మనకు తెలియును. రాతిని పారవేసి బంగారము ఉంచుకొందుము. అట్లే ఆటిజమను రాతిని తీసివేసిన లోపల బంగారమువంటి బిడ్డ దొరకునని అనేకులు ఆశించుచున్నారు. ఆటిజం గలవారిలో అనేకులు దీనికి ఇచ్చు ఉత్తరము: మేము చూచునది, వినునది, తలంచునది, ప్రేమించునది అంతయు ఈ మెదడుతోనే; దీనిని తీసివేసిన మిగులువాడు మేము కాము. పైగా బంగారము తీయుటకు వాడిన సైనైడ్ ఏమి మిగిల్చినదో మన ఊరి దిబ్బలు నేటికి చెప్పుచున్నవి. గాలి వీచిన దినమున ఆ దుమ్ము మన కండ్లలో పడుచున్నది.

నయము చేసెదమను పేరట వచ్చిన వాటిలోను ఇట్టి విషములున్నవి. 1998లో వేక్‌ఫీల్డ్ అను వైద్యుడు తట్టు మొదలగువాటి టీకాకు ఆటిజమునకు సంబంధమున్నదని వ్రాసెను. ఆ వ్యాసమును 2010లో ఆ పత్రికయే రద్దు చేసెను. ఈలోగా టీకాలు మానిన పిల్లలకు తట్టు వచ్చినది. మూలకణ చికిత్స ఆటిజమునకు సిఫారసు చేయదగినది కాదని, దానిని ప్రచారము చేయుట వైద్యవృత్తికి తగని నడత యని 2022లో మన దేశపు జాతీయ వైద్య కమిషను నైతిక విభాగము తెలిపెను. పొలము అమ్మి, తాళిబొట్టు కుదువబెట్టి ఇట్టి చికిత్సలకు పరుగెత్తు తల్లిదండ్రులారా, ఆగి విచారించుడి.

ఇక్కడ కొందరు తల్లులు మమ్మును అడుగుదురు: "అయ్యగారూ, మాటలాడగలవారు అమెరికాలో మాటలాడుచున్నారు. మా అబ్బాయికి ఇరువది యేండ్లు. ఒక్క మాట లేదు, రాత్రి నిద్ర లేదు, తల గోడకు కొట్టుకొనును. మేము పోయిన తరువాత వీనికి దిక్కెవరు?" ఇది న్యాయమైన ప్రశ్న. ఆటిజం గలవారందరి అభిప్రాయము ఒక్కటి కాదు; స్వస్థత కోరువారును వారిలో ఉన్నారు. మూర్ఛకు మందు ఇప్పించవలెను, నిద్రలేమికి, నొప్పికి వైద్యము చేయించవలెను. దానిని ఎవరును కాదనుట లేదు. తల కొట్టుకొనుటయు ఒక మాటయే కావచ్చును. పంటి నొప్పియో, చెవిపోటో, భరింపరాని శబ్దమో విచారింపవలెను. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చితిమి. ఆ అబ్బాయి దేనికి చేయి చాచునో, దేనినుండి పారిపోవునో అది మనకు తెలిసినది. అక్కడనుండి మొదలుపెట్టుడి. బొమ్మ చూపియైనను, అక్షరము చూపియైనను అడుగుడి. నోటితో చెప్పలేనివానిని అడుగుటకు ఎక్కువ ఓర్పు కావలెను గాని, అడుగకుండుటకు అది సాకు కాదు.

నాలుగవది: బల్లయొద్ద స్థానము

మోషే తాను నోటిమాంద్యము గలవాడనని మొరపెట్టగా, దేవుడు అతని నాలుకను మార్చలేదు. అహరోనును తోడుగా ఇచ్చెను. మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివి. దావీదు అతనిని రాజు బల్లయొద్ద కూర్చుండబెట్టెను. ఆ అధ్యాయము ముగింపులోను అతడు కుంటివాడే, అయినను బల్లయొద్దనే యున్నాడు. బల్లయొద్దకు వచ్చుటకు కాళ్లు బాగుపడవలెనను షరతు లేదు.

గనుక ప్రియులారా, మన సంఘములు చేయవలసినవి కొన్ని చెప్పుచున్నాము. ఆటిజం పేరట విశేష కానుక పంపుటకు ముందు ఆ సంస్థను అడుగుడి: మీ పాలకవర్గములో ఆటిజం గలవారున్నారా? వచ్చిన ధనములో ఎంత పరిశోధనకు, ఎంత ఇప్పుడు బ్రదికియున్న వారి చదువుకు, పనికి, వసతికి పోవుచున్నది? మీ ప్రకటనను ఆటిజం గల మా బిడ్డ యెదుట సిగ్గుపడక చదువగలమా?

ఆరాధనలో ఒక వైపు స్పీకరు తగ్గించుడి. తలుపు దగ్గర ఒక బెంచీ విడిచిపెట్టుడి. లేచి తిరుగువానిని గద్దింపకుడి. అనుమతి అడుగక తలపై చేతులుంచి దయ్యమును గద్దించుట మానుడి.

తల్లిదండ్రుల భయమును సంఘము మోయవలెను. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ఆటిజం గలవారికి కూడ వర్తించును. 18 యేండ్లు నిండినవారికి సంరక్షకుని నియమించు స్థానిక సమితి జిల్లా అధికారి ఆధ్వర్యమున ఉండును. నిరామయ పథకము క్రింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 21 వైకల్యములలో ఆటిజం ఒకటి. కోలారుకు పోయి కాగితములు చేయించుటకు చదువుకొన్న యౌవనులు తోడుపోవుడి. ఆ స్థానిక సమితిలో వైకల్యము గల ఒకరు సభ్యులుగా ఉండవలెనని చట్టమే విధించినది. లోకపు చట్టము వారికి కుర్చీ వేయగా, దేవుని సంఘము నిలువబెట్టునా?

ప్రార్థింతము: ప్రభువా, త్రోవ ప్రక్కన కేకను విని నిలిచినవాడా, మేమును నిలుచుటకు కృప దయచేయుము. మేము గద్దించి ఊరకుండజేసిన వారి మాట వినుటకు మాకు చెవులిమ్ము. అలసిన తల్లిదండ్రులకు తోడును, మాటలేని బిడ్డలకు వినువారిని అనుగ్రహించుము. నీ బల్లయొద్ద వారి స్థానమును మేము ఆక్రమింపకుండ కాపాడుము. ఆమేన్.