పద్నాలుగు మెట్ల కింద భోజనం



అమెరికాలో మన తెలుగు సహవాసాల్లో చాలావాటికి సొంత మందిరం ఉండదు. ఏదో ఒక అమెరికన్ సంఘం వారి మందిరాన్ని ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటాం. మా సహవాసమూ అంతే. ఆరాధన పైన, భోజనాలు కింద బేస్‌మెంట్ హాలులో. లిఫ్ట్ లేదు. మెట్లు పద్నాలుగు. ఎన్నో ఏళ్లు ఎక్కి దిగాను గానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టాల్సి వచ్చిందో మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా సంఘంలో ఒక సహోదరుడు ఉన్నారు. పేరు రాయవద్దన్నారు, సంగతి రాయమన్నారు. చిన్నతనంలో పోలియో వచ్చింది. వీల్‌చెయిర్‌లో ఉంటారు. చేతులతోనే బ్రేకు, యాక్సిలరేటర్ వేసుకునేలా అమర్చిన కారును నలభై నిమిషాలు తనే నడుపుకుంటూ ఆరాధనకు వస్తారు. ఆరాధన అయ్యాక మేమందరం కిందకి దిగేవాళ్లం. నేను ఒక ప్లేటులో బిర్యానీ, పెరుగు పచ్చడి పెట్టుకుని పైకి తీసుకెళ్లి ఆయనకు ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి మళ్లీ కిందకి వచ్చేవాణ్ణి. దాదాపు ఏడాదిన్నర అలా చేశాను. దాన్ని నా పరిచర్య అనుకున్నాను. కొందరు మెచ్చుకున్నారు కూడా, ఆ మెప్పు నాకు బాగానే ఉండేది.

ఒక ఆదివారం ప్లేటు అందుకుంటూ ఆయన, "అన్నా, కిందకి వెళ్లినప్పుడు ఆ హాలు ఒక ఫోటో తీస్తారా? ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అడిగారు. నేను వెళ్లి ఫోటో తీశాను. అందులో పిల్లలు పరుగెడుతున్నారు. ఒక బల్ల దగ్గర వీసా కబుర్లు, ఇంకో బల్ల దగ్గర ఎవరో చెప్పిన మాటకు అందరూ నవ్వుతున్నారు. ఆ ఫోటో ఆయనకు చూపించడానికి నాకు మనసొప్పలేదు.

మీరే చెప్పండి, నేను చేసిన తప్పేమిటి? ఆకలిగా ఉన్న మనిషికి అన్నం తీసుకెళ్లి ఇవ్వడం తప్పా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. 2 సమూయేలు 9వ అధ్యాయం మళ్లీ చదివినప్పుడు కొంత అర్థమైంది. మెఫీబోషెతు మీకు తెలిసినవాడే. ఐదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పారిపోతుంటే కిందపడి రెండు కాళ్లూ పోయినవాడు. లోదెబారులో ఒకరి ఇంట్లో ఉంటున్నాడు. దావీదు అతన్ని పిలిపించి సౌలు భూమంతా తిరిగి ఇప్పించాడు. సేద్యం చేయడానికి సీబాను, అతని పదిహేను మంది కొడుకులను, ఇరవై మంది దాసులను పెట్టాడు. అంటే తిండికి లోటు లేకుండా చేశాడు. మరి అంతటితో సరిపోవాలి కదా? సరిపోలేదు. రాజకుమారుల్లో ఒకడిలాగా తన బల్ల దగ్గరే ఎప్పుడూ భోజనం చేయాలన్నాడు. దావీదు లోదెబారుకు క్యారేజీ పంపలేదు. నేను ఏడాదిన్నర పంపింది క్యారేజీయే.

ఆ అధ్యాయం చివరలో ఇంకో సంగతి ఉంది. అతని కాళ్ల సంగతి మళ్లీ చెప్పి ముగుస్తుంది. బల్ల దగ్గర చోటు దొరికింది గానీ కాళ్లు రాలేదు. మనం మాత్రం ముందు కాళ్లు రావాలని చూస్తాం. ఇండియా నుంచి ప్రసంగీకులు ఎవరు వచ్చినా మా సహోదరుణ్ణి ముందుకు రమ్మంటారు, తల మీద చేయి పెడతారు, విశ్వాసం ఉందా అని అడుగుతారు. స్వస్థత కోసం ప్రార్థించవద్దని నేను అనడం లేదు, దేవుడు చేయగలడని నమ్ముతున్నాను. కానీ బర్తిమయి విషయంలో ప్రభువు ఏం చేశాడు? గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియదా? అయినా నీకేం చేయాలని అతన్నే అడిగాడు. మా సహోదరుణ్ణి ఇన్నేళ్లలో ఎవరూ అలా అడగలేదు. అడిగితే, "ప్రార్థన చేయండి. కాకపోతే మా అమ్మ ఆరోగ్యం కోసం చేయండి, నా కాళ్ల కోసం నేను చేసుకుంటాను" అన్నారు.

మన భాషలో ఒక విచిత్రం గమనించారా? జాలిపడినా "అయ్యో పాపం" అంటాం, తప్పు చేసినా పాపమే అంటాం. యోహాను 9లో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం ఎవరిదని అడిగారు. ప్రభువు అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు. మనం జాలిగానే "పాపం" అంటాం గానీ, లోపల ఎక్కడో ఆ రెండో అర్థం కూడా మెదులుతూనే ఉంటుంది. ఊళ్లో మనతో చదువుకున్న పిల్లాడి పేరు ముందు "కుంటి" అని చేర్చి పిలిచినవాళ్లమే మనం. ఇప్పుడు దివ్యాంగులు అనాలా, వికలాంగులు అనాలా అని చర్చిస్తున్నాం. పేరు పెట్టి పిలిస్తే చాలంటారు ఆయన.

ఈ దేశంలో 1990 మార్చి 12న కొందరు వీల్‌చెయిర్లు, ఊతకర్రలు పక్కన పెట్టి వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం మెట్లు చేతులతో పాకుతూ ఎక్కారు. అదే ఏడాది జూలై 26న అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ యాక్ట్ మీద అధ్యక్షుడు బుష్ సంతకం చేశారు. అయితే అందులో దుకాణాలు, హోటళ్ల వంటి వాటికి వర్తించే భాగం నుంచి మత సంస్థలకు మినహాయింపు ఉంది. ఇండియన్ స్టోరులోకి వీల్‌చెయిర్ వెళ్లాలని చట్టం చెబుతుంది, మందిరంలోకి వెళ్లాలని ఆ చట్టం అడగదు. ఇది తెలిసిన రోజు నాకు సిగ్గనిపించింది. చట్టం మనల్ని వదిలేసింది సరే, ఒకరినొకరు ప్రేమించమన్న ఆజ్ఞ కూడా వదిలేసిందా?

మా కమిటీలో ఈ విషయం పెట్టినప్పుడు వచ్చిన మాటలు దాచను. "బిల్డింగ్ మనది కాదు." "కార్పెట్ పాడైతే డిపాజిట్ పోతుంది." "ఒక్కరి కోసం ఎనభై మంది సర్దుకోవాలా?" చివరి ప్రశ్న చెడ్డ మనసుతో వచ్చింది కాదు. వంట డేగిశాలు మోసేవాళ్లకే దాని బరువు తెలుస్తుంది. అప్పుడు ఒక పెద్దమ్మగారు, మోకాళ్ల నొప్పులతో తానూ ఆ మెట్లు దిగలేక తినకుండానే ఇంటికి వెళ్లిపోతున్నానని చెప్పారు. దాంతో అందరూ మెత్తబడ్డారు. నాకు మాత్రం అది కొంచెం బాధ కలిగించింది. ఆమె చెప్పకపోతే? ఆయన ఒక్కరే అయితే? మెఫీబోషెతు కూడా ఒక్కడే కదా.

యువకులు నలుగురు, "మేం మోసుకుని దింపుతాం, మార్కు సువార్తలో పక్షవాయువు గలవాణ్ణి మోసినట్టు" అన్నారు. మంచి పిల్లలు. ఆయన నవ్వి ఒప్పుకోలేదు. "జారితే మీకూ దెబ్బలే. పైగా మధ్యలో బాత్రూముకు వెళ్లాలన్నా, తొందరగా ఇంటికి వెళ్లాలన్నా మళ్లీ నలుగుర్ని పిలవాలి. ఎవరైనా ప్లేటు మధ్యలో వదిలి లేవాలి" అన్నారు. నాకు ఇంతకుముందు తట్టనిది ఇంకోటి అప్పుడు తట్టింది. ఆ నలుగురు మనిషిని మోయడం మనకు గుర్తుంటుంది, వాళ్లు ఇంటి కప్పు విప్పిన సంగతి అంతగా పట్టించుకోం. దారి లేకపోతే వాళ్లు ఇంటినే మార్చారు. ఆ మనిషి తిరిగి వెళ్లేటప్పుడు ఎవరూ మోయలేదు.

ఇప్పుడు మా భోజనాలు పైనే, ఆరాధన గది బయట ఉన్న చిన్న హాలులో. మందిరం వారిని అడిగి ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. ఇరుకుగా ఉంటుంది, కార్పెట్ మీద ప్లాస్టిక్ షీట్లు పరుస్తాం, పిల్లలకు పరుగెత్తే చోటు లేదని తల్లులు సణుగుతారు. మొదటి ఆదివారం అలవాటు కొద్దీ నేను ఆయన కోసం ప్లేటు తీసుకోబోయాను. "మీరు కూర్చోండి అన్నా, నేను వడ్డిస్తాను" అని పప్పు గరిటె అందుకున్నారు. ఎనభై మందికీ వడ్డించారు. ఉప్పు తక్కువైందని మొదట చెప్పిందీ ఆయనే.

వేదికకు ఉన్న మూడు మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడు అంగుళాలు, మొత్తం ఇరవై ఒకటి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున ర్యాంపు వేయాలి, అంటే ఇరవై ఒక్క అడుగులు. అంత చోటు లేదు. వచ్చే నెల వాక్య పఠనం ఆయనది. మైకు ఒక్కటే కిందకి దింపాలా, పాస్టరుగారు కూడా ఆ రోజు కిందనే నిలబడి ప్రసంగించాలా అన్నది ఇంకా తేలలేదు.