అడగకుండా తీసిన ఫొటో



పొద్దున నడకకు వెళ్తాం, సెల్లు చేతిలోనే ఉంటుంది. సెలవుల్లో తొట్లకొండకో, నాగార్జునకొండకో, అక్టోబరులో నాగపూర్ దీక్షాభూమికో వెళ్తాం. స్తూపాన్ని తీస్తాం, నీళ్లను తీస్తాం. మంచిదే. మరి అక్కడ చీపురు పట్టి ఊడుస్తున్న అక్కను? చెట్టు కింద నిద్రపోతున్న పెద్దాయనను? వాళ్లను అడిగామా?

పంచశీలలో రెండోది అదిన్నాదానానికి దూరంగా ఉండటం. దొంగతనం చేయకూడదని చెప్పుకుంటాం గానీ, ఆ పాళీ మాటకు అర్థం ఇంకా పెద్దది: ఇవ్వనిదాన్ని తీసుకోవడం. "ఫొటో తీస్తే వాళ్లకేం పోయింది?" అంటారు కొందరు. పోయేది ఒకటుంది. తాను లోకానికి ఎలా కనబడాలో తానే తేల్చుకునే హక్కు.

ఆ నష్టం మనకు కొత్త కాదు. 1909లో మద్రాసులో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు తిరగేయండి. చాలా ఫొటోల కింద కులం పేరు, తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. మన ఇంటి గోడ మీద బాబాసాహెబ్ సూటు వేసుకుని తలెత్తి నిలబడ్డారు. తేడా చూడండి.

అన్యాయానికి సాక్ష్యంగా ఫొటో తీయడం వేరు, అది అవసరం. సరదాకి తీయడం వేరు.

"అడిగితే సహజంగా రాదు" అంటారా? రాకపోతే పోనీ. సెల్లు ఎత్తే ముందు ఒక్క శ్వాస ఆగండి. "తీసుకోనా?" అని అడగండి. సరే అంటే పేరు తెలుసుకోండి, ఫొటో చూపించండి. వద్దంటే నమస్కారం పెట్టి నడవండి. ఆ నడకలో కూడా ధమ్మం ఉంది.

జై భీమ్! నమో బుద్ధాయ!