ఖాళీ నేల

బయటివాళ్లు మన గూడేలకు వచ్చినప్పుడు కొండవాలు చూసి తరచూ అనే మాట ఒకటుంది: "ఇదంతా ఖాళీగానే ఉందే!" ఇల్లు లేదు, కంచె లేదు, దున్నిన చాలు లేదు. కాబట్టి ఖాళీ. ఈ మాటలో న్యాయమెంత?

ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా లాంగ్ మిండ్ అనే కొండ ఉంది. దాని నెత్తిన ఉన్న పచ్చిక మైదానం నుంచి మిడ్‌లాండ్ గ్లైడింగ్ క్లబ్ వాళ్లు 1934 నుంచి ఇంజను లేని విమానాలు ఎగరేస్తున్నారు. పడమటి గాలి కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ గాలిని పట్టుకుని గ్లైడర్ వాలు వెంబడి తేలుతుంది. గద్ద రెక్క ఆడించకుండా తిరగడం చూసిన మనకు వేరే వివరించక్కర్లేదు. గాలి బాగున్న రోజున గ్లైడర్ ముక్కుకు లావుపాటి రబ్బరు తాడు తగిలించి, మనుషులు రెండు పాయలుగా పట్టుకుని పల్లానికి పరిగెడతారు. ఉండేలు రాయిలా అది గాలిలోకి లేస్తుంది. తారు అక్కర్లేదు, గడ్డి చాలు.

అదే కొండ మీద చుట్టుపక్కల రైతుల గొర్రెలు మేస్తాయి. కొండలో చాలా భాగాన్ని 1965లో నేషనల్ ట్రస్టు కొన్నది. అయినా మేపుకునే హక్కు రైతులకే ఉంది. నేల ఒకరిది, గడ్డి మరొకరిది, గాలి ఇంకొకరిది అన్నట్టు. మరి ఈ అవసరాలన్నీ ఒకే తూకానివా? కావంటాను. ఎగరడం సరదా. తప్పేమీ కాదు, అవకాశమొస్తే నేనూ ఎక్కుతాను. కానీ కాపరికి ఆ గడ్డి కూడు. ముందునుంచీ ఉన్నవాడి హక్కు గట్టిగా ఉన్నచోటే పంచుకోవడం పంచుకోవడమవుతుంది. లేనిచోట అది ఒకరి దయ.

అక్కడా ఆ హక్కు ఊరికే నిలవలేదు. 1965లో ఉమ్మడి భూముల నమోదు చట్టం వచ్చింది. గడువులోగా రాయించుకోని మేత హక్కులు పోయాయి, తాతల నాటి నుంచి మేపినా సరే. నాకిది అన్యాయంగానే తోస్తుంది. ఆ హక్కును పుట్టించింది కాగితం కాదు, చంపడానికి మాత్రం కాగితం లేకపోవడం చాలింది.

మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. సాగు భూమితో పాటు పశువుల మేత, అటవీ ఫలసాయం కూడా అందులో సామూహిక హక్కులే. పని మొదలయ్యేది గ్రామసభలోనే. కానీ పట్టా అనగానే మనకు దున్నిన చెక్కే గుర్తొస్తుంది. దున్నని వాలులో పశువుల బాట ఉంది, చీపురు గడ్డి ఉంది, అడ్డాకు ఉంది, కొండ దేవత ఉంది. ఉపాధ్యాయులు పిల్లలచేత ఆ వాలు పటం గీయించాలి. ఏ నెలలో ఎవరి పశువులు ఎటు వెళ్తాయో, చీపురు ఎప్పుడు కోస్తారో పెద్దవాళ్లనడిగి అందులో రాయించాలి. గ్రామసభలో దరఖాస్తు నింపేటప్పుడు ఆ పటం పక్కన ఉంటుంది.