ఇద్దరు సిపాయిలు

అనగనగా సముద్రానికి ఆవల, రాతి కొండల నడుమ ఒక ఎండిన లోయ ఉండేది. అక్కడ వాన పడితే పంట, లేకపోతే పస్తు. ఆ లోయలో పుట్టిన అన్నదమ్ములిద్దరు పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి, దక్కనులో ఒక ప్రభువు కొలువులో సిపాయిలుగా చేరారు. నగరానికి దక్షిణాన, ఊరి అంచున, వాళ్లలాంటి వాళ్ల కోసం కట్టిన బారకుల్లో ఇద్దరికీ చెరో గది దొరికింది.

అన్న నమ్మకస్తుడు. కోట గుమ్మం ముందు నిలబడ్డాడంటే రెప్ప వాల్చేవాడు కాదు. నడుముకు తాతలనాటి వంకీ కత్తి ఉండేది, దానికి రోజూ నూనె రాసి తుడిచేవాడు. జీతంలో సగం పెట్టెలో దాచేవాడు. ఎప్పటికైనా లోయకు తిరిగి వెళ్లిపోవాలన్నదే అతని ఆశ. పొరుగువాళ్ల గడప తొక్కేవాడు కాదు. మనం ఇక్కడివాళ్లం కామని పిల్లలకు పదే పదే చెప్పేవాడు.

తమ్ముడు కూడా కాపలాలో అన్నకు తీసిపోయినవాడు కాడు. కానీ అతనికి ఒక అలవాటుండేది. సెలవు దొరికిన రోజుకు ముందు రాత్రి గోధుమలు నానబోసి, మాంసంతో కలిపి పెద్ద డేగిసాలో వేసి, సన్నటి సెగ మీద రాత్రంతా ఉడికించేవాడు. తెల్లవారుజామున కొడుకును సాయం పిలిచి పొడవాటి కర్రలతో మెదిపేవాడు. గోధుమ ఏదో మాంసం ఏదో తెలియనంత మెత్తబడ్డాక, నెయ్యి పోసి వాకిట్లోకి దించేవాడు. నీళ్లు మోసేవాడు, జామతోట మాలి, పక్క వీధి ముసలమ్మ, ఆ దారిన పోయే ఎవరైనా సరే, గిన్నె పట్టుకుని వస్తే కాదనేవాడు కాదు.

తిన్నవాళ్లు సంతోషించారు, కానీ కాస్త చప్పగా ఉందన్నారు. వండే తీరు అడిగి తెలుసుకుని తమ ఇళ్లలోనూ మొదలుపెట్టారు. ఒకామె మిరియాలు దంచి వేసింది. ఇంకో ఇంట్లో అల్లం, వెల్లుల్లి పడ్డాయి. మరొకరు పప్పు కలిపారు, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు పైన చల్లారు, నిమ్మకాయ పిండారు. తమ్ముడు తన డేగిసాలో మాత్రం తల్లి వండినట్టే వండుకునేవాడు. పొరుగువాళ్లు తెచ్చి పెట్టింది కూడా ఇష్టంగా తినేవాడు.

అన్నకు ఇది గిట్టలేదు. తల్లి చేతి వంటను పరాయివాళ్లు పాడు చేస్తుంటే తమ్ముడు చూస్తూ ఊరుకున్నాడని అతనితో మాటలు మానేశాడు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. ఊరు వదిలి వచ్చినవాడికి వెంట మిగిలేది నాలుక మీది రుచి ఒక్కటే కదా.

ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం చివర, ఐదు రోజుల్లో ప్రభువు రాజ్యం ముగిసిపోయింది. కొత్త ప్రభుత్వం వచ్చి ఆయుధాలు తీసుకుంది, పరదేశీ సిపాయిలను ఓడలెక్కించింది. అన్నదమ్ములిద్దరినీ ఒకే ఓడలో పంపేశారు. అంతమందికి అన్నం పెట్టాడన్న మంచి పేరు తమ్ముణ్ణి కాపాడలేకపోయింది. లోయ చేరాక అన్న తన పెట్టె తెరిచాడు. అందులో ఉన్నది చెల్లని నాణేలు. కొన్నాళ్లకు ఇద్దరూ అక్కడే కన్నుమూశారు.

చాలా కాలం తర్వాత అన్న మనవడొకడు తాత కాపలా కాసిన గుమ్మాన్ని చూడాలని ఆ నగరానికి వచ్చాడు. గుమ్మం దొరికింది. తాత పేరు తెలిసినవాడు ఒక్కడూ దొరకలేదు. అది రంజాన్ మాసం. ఇఫ్తార్ వేళ దాటాక వీధిలో ఎవరో చేతికి గిన్నె అందించారు. మొదటి ముద్దలో మసాలా ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. రెండో ముద్దలో, ఆ ఘాటు అడుగున, నానమ్మ వండే గోధుమ తగిలింది. ఈ వంట ఎక్కడిదని అతను వండినవాణ్ణి అడిగాడు. ఆ మనిషి గర్వంగా, ఇది మా ఊరిదేనని చెప్పాడు.

కథ కల్పితం. నేల మాత్రం నిజం. ఆ లోయ యెమెన్‌లోని హద్రమౌత్, ఆ బారకులు హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట పక్కనున్న బార్కాస్. ఐదు రోజులంటే 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు నిజాం రాజ్యంపై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య. ఆ తర్వాత నిజాం కొలువులోని అరబ్బు సిపాయిలు చాలామంది దేశం వదలాల్సి వచ్చింది. ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు బార్కాస్‌లో తమ్ముడు వండినలాంటి గోధుమ, మాంసం వంట హరీస్‌ను ఇప్పటికీ తీపిగానూ, ఉప్పగానూ వండుతున్నాయి. ఆ హరీస్‌కు మసాలా తోడై హలీం అయింది. 2010లో హైదరాబాద్ హలీం భౌగోళిక గుర్తింపు పొందింది.

ఉత్తరాన మంచు అంచున రష్యన్ల కథ కూడా ఇలాగే నడిచింది. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది, అక్కడి సిట్కా పట్టణం నుంచి సాగిన రష్యన్ వర్తక కంపెనీ పాలన ముగిసింది. కానీ అంతకు ముందే ఇవాన్ వెనియామినోవ్ అనే మతగురువు, అక్కడి మూలవాసులైన అల్యూట్ల నాయకుడు ఇవాన్ పాంకోవ్‌తో కలిసి వాళ్ల భాషకు లిపి కూర్చి, సువార్తను ఆ భాషలోకి తెచ్చాడు. రష్యన్లు వెళ్లిపోయినా చర్చిలు ఆ నేల మనుషుల సొంతమై నిలిచాయి.

వలస వచ్చినవాడు కాపలా కాసింది రాజ్యంతోపాటు పోయింది. పొరుగువాడి చేతికి ఇచ్చి, అతనికి నచ్చినట్టు మార్చుకోనిచ్చింది మిగిలింది. హలీంలో హద్రమౌత్‌ను వెతుక్కునేవాళ్లు మసాలాను చూసి నొచ్చుకోనక్కర్లేదు, ఆ హద్రమౌత్ రుచిని ఈ ఊళ్లో నిలబెట్టింది ఆ మసాలా వేసిన చేతులే.