డిస్కులో ఉన్నది ఎవరిది?

సర్వర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ నడుస్తుంటుంది. దానికో యాడ్‌ఆన్ కొంటారు. కొన్నాక కొత్తగా ఏదో వచ్చి ఇన్‌స్టాల్ అవుతుందనుకుంటాం. చాలాసార్లు ఏమీ రాదు. ఆ కోడ్ మొదటి రోజు నుంచే డిస్కులో ఉంటుంది. వచ్చేదల్లా ఒక కీ, లేదా ఓ చిన్న ఫైలు. సర్వర్‌కి ఇంటర్నెట్ లేకపోతే ఇంకాస్త తతంగం. అది తన హార్డ్‌వేర్ గుర్తులతో ఒక రిక్వెస్ట్ ఫైలు రాసిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో బయటికి తెచ్చి వెండర్ పోర్టల్‌లో ఎక్కించి, అది ఇచ్చిన జవాబు ఫైలుని మళ్ళీ లోపలికి మోసుకెళ్ళాలి. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే, అప్పటిదాకా బూడిదరంగులో ఉన్న మెనూ నల్లబడుతుంది. రేపు మదర్‌బోర్డు మారిస్తే అదే కీ మనల్ని గుర్తుపట్టకపోవచ్చు.

ఇంతకీ డబ్బు దేనికి కట్టినట్టు?

గోదావరిఖనిలో పెరిగినవాడికి ఇదేం కొత్త ప్రశ్న కాదు. మా దగ్గర పొలం పైన ఒకరిది, కింద ఇంకొకరిది. బాయి కోసం భూమి తీసుకుంటే రైతుకి పరిహారం పొలం లెక్కన వస్తుంది, కింద ఉన్న బొగ్గు లెక్కన రాదు. ఆ మాటకొస్తే సింగరేణి కూడా సొంతదారు కాదు. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలున్న ప్రభుత్వ కంపెనీ అయ్యుండి కూడా లీజు మీదే తవ్వుతుంది, బొగ్గు ధర మీద 14 శాతం రాయల్టీ కడుతుంది.

ఈ రాయల్టీ అన్న మాటతో సాఫ్ట్‌వేర్ కేసుల్లోనూ కోర్టులు చాలా ఏళ్ళు కుస్తీ పట్టాయి. 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య కేసులో, రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని, అమ్మకపు పన్ను వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. బుద్ధిలోంచి పుట్టిందే అయినా డిస్కు మీదికి ఎక్కాక అది చేతులు మారే వస్తువే. 2021లో ఇంకో తీర్పు: విదేశీ సాఫ్ట్‌వేర్ కోసం ఇక్కడి వాడకందార్లు కట్టేది కాపీరైట్ మీద రాయల్టీ కాదు, కొన్న ప్రతికి ధర. (ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టం, కాపీరైట్ చట్టం, గనుల చట్టం, మూడూ 1957వే. కాకతాళీయమే, కానీ నాకు నచ్చింది.)

సరే, కొన్నాం. 2004 కేసులో కనీసం డిస్కు చేతులు మారింది. యాడ్‌ఆన్ విషయంలో సరుకు ముందే మన ఇంట్లో ఉంది. కొత్తగా వచ్చింది అనుమతి ఒక్కటే.

అలాగని తాళాలే వద్దనే వాళ్ళతో నేను లేను. నా జీతమూ అలాంటి తాళాల్లోంచే వస్తుంది. అందరికీ ఒకే ఇన్‌స్టాలర్ ఇస్తే ఒకే బిల్డ్ టెస్ట్ చేస్తే సరిపోతుంది. చిన్న ఆఫీసు తనకి కావల్సినంతకే డబ్బు కడుతుంది. ఉత్త పుణ్యానికి ఈ పని ఎవరు చేస్తారని 1976లో బిల్ గేట్స్ బహిరంగ లేఖ రాసి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

కానీ బొగ్గుతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. టన్ను బొగ్గు తీస్తే భూమిలో టన్ను తగ్గుతుంది, మన తరవాతివాళ్ళకి అది ఉండదు. నేను ఓ మెనూ తెరిస్తే ఎవరికీ ఏదీ తగ్గదు. అంచేత సాఫ్ట్‌వేర్ తాళానికి ఉన్న సమర్థనల్లా ఎవరో చేసిన, ఇంకా చేస్తున్న శ్రమ. అది కూలి అడగడానికి సరిపోతుంది. ఆపదలో ఉన్నవాడి ముందు తలుపు మూసి ఉంచడానికి సరిపోదు.

2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుఫాను ఫ్లోరిడా మీదికి వస్తుంటే, కొన్ని కార్ల బ్యాటరీల్లో అప్పటిదాకా తాళం వేసి ఉంచిన భాగాన్ని టెస్లా కొద్దిరోజుల పాటు దూరం నుంచే తెరిచింది. మంచి పనే. కానీ ఆ బ్యాటరీ అంతకుముందు కూడా ఆ కారులోనే ఉంది, కదా!

ఊహకే అనుకుందాం: ఒక గనిలో మీథేన్ రీడింగులు పైనున్న సర్వర్‌కి వస్తున్నాయి. చూపించడం మూల సాఫ్ట్‌వేర్ పని, హద్దు దాటితే మోగించడం యాడ్‌ఆన్ పని. దాని లైసెన్సు ఇవాళ అర్ధరాత్రితో అయిపోతుంది. రాత్రి షిఫ్టు అప్పటికే దిగింది. దిగినవాళ్ళెవరూ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. గడువు దాటితే రిపోర్టులు ఆపండి, చార్టులు ఆపండి, బిల్లు పంపండి, కోర్టుకెళ్ళండి. మోగాల్సింది మాత్రం మోగాలి.

గడువు అయ్యిందా అని అడిగే ఆ ఒక్క లైను అలారం ఫంక్షన్ లోపల ఉండాలా బయట ఉండాలా అన్నది ఏ ధరల పట్టికలోనూ ఉండదు. రాసే ఇంజనీరుకీ, రివ్యూ చేసే ఇంకో ఇంజనీరుకీ మధ్య, ఏ శుక్రవారం సాయంత్రమో తేలిపోతుంది.